రెండో బొట్టు

మే 29

డైరీ ముట్టుకుని చాన్నాళ్ళయింది. పెళ్ళయిన కొత్తలో ఈయన మీద కోపమొచ్చినప్పుడల్లా రాసుకునేదాన్ని. తర్వాత ఆ కోపమేదో నేరుగా ఆయన మీదే చూపించడం అలవాటయ్యాక పుస్తకంతో పని లేకపోయింది. ఇవాళ ఆయనకి చెప్పలేని మాట ఒకటి వచ్చిపడింది.

ఇవాళ తల్లుల పరీక్ష. గుడ్లు పెట్టేసిన ఒక్కో పట్టు సీతాకోకనీ చిన్న కల్వంలో వేసి నూరి, బొట్టు తీసి మైక్రోస్కోపు కింద చూడటం. కళ్ళు మూసుకుని చేసేస్తానని గొప్పలు చెప్పుకునే పని. ఈసారి తల్లులు మరీ తక్కువ. ఎండలూ కరెంటు కోతలూ కలిసి చాలావాటిని గూళ్ళలోనే ఉడకేశాయి. మిగిలిన గుప్పెడు తల్లుల్లో ఒకదాని బొట్టులో ఏదో తళుక్కుమంది. కోడిగుడ్డు ఆకారం, నూకకంటే ఎన్నో రెట్లు చిన్నది, అంచున నీలం మెరుపు.

పెబ్రిన్ కాదు, పట్టుపురుగుల పంటనే తుడిచేసే ఆ రోగం కాదు. బూజు అయ్యుంటుంది. ఈ పురుగుల హాలు గోడలకి బూజు కరువా?

అదే తల్లి నుంచి రెండో బొట్టు తీసి చూశాను. ఏమీ లేదు. రెండో బొట్టులో లేదంటే మొదటి బొట్టులోది బూజే. కల్వం కడిగేసి ఇంటికొచ్చాను.

మే 30

ఆ తల్లి గుడ్లని కూడా మిగతావాటితోపాటే అరలో పెట్టాను.

సాయంత్రం మామయ్యగారు మంచం మీంచే అడిగారు.

"అమ్మాయ్, తల్లులన్నిటినీ చూశావా?"

"చూశాను మావయ్యా."

"శుభ్రమేనా?"

"శుభ్రమే."

"మా ముసలమ్మ గట్టిది," అన్నారు, వీధి చివర ఉండే మనిషి గురించి అన్నట్టు.

జూన్ 1

నిద్ర సరిగ్గా లేదు. నిజానికి నేను చేసిన తప్పేమిటి? హాలు గుమ్మం మీద మామయ్యగారు రాయించిన అక్షరాలు నా పెళ్ళికి ముందునుంచీ ఉన్నాయి: "అనుమానమొస్తే నిప్పే." ఆ వ్యాధి తల్లి కడుపులోంచే గుడ్లలోకి దిగుతుంది, చేతికంటి ఆకుతోనూ పాకుతుంది, మందు లేదు, కాబట్టి కాల్చాలి. ఒప్పుకుంటాను. కానీ అనుమానం రావాలి కదా! నాకు రాలేదు. రెండో బొట్టుతో తీరిపోయింది.

పైగా కాల్చేది మామూలు జాతి అయితే వేరే సంగతి. నేను నోరు విప్పితే మా పరిశోధనాలయం డైరెక్టరు హాలు మొత్తం కాల్పిస్తాడు. అతను ఎప్పటినుంచో ఈ హాలు ఖాళీ అవ్వాలని చూస్తున్నాడు, కంప్యూటర్లు పెట్టడానికి. ఈ గుడ్లకి నకలుగా ఉంచిన కొండ మీది కేంద్రాన్ని కిందటేడు మూసేశారు. అంటే ఈ గుడ్ల కాగితాల మీద ఉన్నదే ఆఖరు. ఇది పోతే ముసలమ్మ పోయినట్టే.

దొరలు వెళ్ళిపోయిన కొత్తల్లో ఈ దేశంలో జన్యుశాస్త్రం తెలిసినవాళ్ళంతా ఒక టీ బల్ల చుట్టూ పట్టేవాళ్ళట. మామయ్యగారికి లాబ్ పెట్టుకోమని గేటు పక్కన గుర్రాలశాల ఇచ్చారు. ఏదో ఆస్పత్రి వద్దనుకున్న మైక్రోస్కోపు ఇచ్చారు. దాని అద్దంలో పగులుంది. "మా దేశపు పురుగులన్నీ నడుముకో గీతతో పుడతాయి," అని విద్యార్థులకి చెప్పేవారు. అప్పుడే బయటిదేశం నిపుణుడొకడొచ్చి, తెల్లగూళ్ళ జాతి పెంచండి, ఈ పసుపు చెత్త మ్యూజియానికి ఇచ్చేయండి అని చెప్పి వెళ్ళాడు. అందరూ తల ఊపారు. మామయ్యగారు మాత్రం కొండవాలు ఇళ్ళన్నీ తిరిగారు. పసుపు గూళ్ళ గుడ్లు ఒక్క ముసలామె దగ్గరే దొరికాయి. పాత గుడ్డముక్క మీద పెట్టి ఇచ్చిందట. "నా తర్వాత వీటికి ఆకేసేవాళ్ళు లేరు, పట్టుకెళ్ళు నాయనా," అందట. అందుకే ఆ జాతి పేరు ముసలమ్మ.

తర్వాత ఒక వేసవిలో తెల్లవి తట్టలకి తట్టలు చచ్చిపోయాయి. ముసలమ్మ మాత్రం తింటూ కూర్చుంది. ఆ ఓర్పు ఎలా తరం నుంచి తరానికి దిగుతుందో మామయ్యగారు కనిపెట్టి రాస్తే, బయటి పత్రికవాళ్ళు అలాంటి పురుగులు నిజంగా ఉన్నాయా అని అడిగారు. తర్వాత వాళ్ళే మనిషిని పంపి ఒక కాగితం గుడ్లు పట్టుకెళ్ళారు. అక్కడి చలికి చచ్చాయి. ఇప్పుడక్కడ దానికి ఒక నంబరు మాత్రం మిగిలింది.

ఇదంతా నాకెందుకు గుర్తొస్తోంది? ఒక్క బూజు నలుసు కోసం!

జూన్ 8

పుట్టాయి. ఒకేసారి పుట్టలేదు. నిన్న కొన్ని, ఇవాళ కొన్ని, ఇంకా కొన్ని గుడ్లు అలాగే ఉన్నాయి.

ఎండ.

జూన్ 15

రెండో జ్వరం. పురుగులు తిండి మాని, తలెత్తి కదలకుండా ఉండి, పాత చర్మం విడిచే సమయాన్ని పెంచేవాళ్ళంతా జ్వరమనే అంటారు. మామయ్యగారి రోజు మొత్తం ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. "ఎన్నో జ్వరం అమ్మాయ్?"

"రెండోది మావయ్యా. అన్నీ పడుకున్నాయి."

సగం పడుకోలేదు.

జూన్ 19

ఈయన మా హాలు గుమ్మంలోకి వచ్చారు. లోపలికి రారు, ఎప్పుడూ రాలేదు. కుర్రతనంలో పసుపునీ తెలుపునీ కలిపి రైతులకిద్దాం నాన్నా అన్నారట. "వీడి చేతికిస్తే కలిపేస్తాడు," అని మామయ్యగారు కొడుకు ఎదురుగానే తాళంచెవి నా చేతిలో పెట్టారు. నేనప్పటికి ఆ ఇంటికి కొత్తకోడల్ని. అప్పట్నుంచీ ఈయన అందరితో అంటారు: "మా నాన్నకి ఆవిడ కూతురు, నేను ఇల్లరికం అల్లుణ్ణి." నవ్వుతూనే అంటారు. పక్క హాల్లో తెల్లజాతి గుడ్లు తయారుచేసి పెంపకందార్లకి పంపుతారు. మా రెండు హాళ్ళకీ మధ్య ఒక గోడ, ఇద్దరికీ కలిపి ఒకే ఆకు గది.

"ఏంటి, ఎగుడుదిగుడుగా ఉన్నాయి?" అన్నారు.

"ఎండ."

"నావి కూడా ఎండలోనే పెరుగుతున్నాయి కదా."

"మీవి నాజూకువి. మీరు వాటికి ఫ్యాన్లు పెడతారు. నాకు రెండు ఫ్యాన్లు ఇప్పించమని డైరెక్టర్ని ఎన్నిసార్లు అడిగాను? అప్పుడు నోరెత్తారా?"

ఆయన వెళ్ళిపోయారు. ఫ్యాన్ల సంగతి ఎందుకెత్తానో నాకే తెలీదు. నేనెప్పుడూ ఫ్యాన్లు అడగలేదు.

జూన్ 23

కొన్నిటి ఒంటి మీద మిరియప్పొడి చల్లినట్టు మచ్చలు. ఆకు మీది మన్ను. కుంచెతో తుడిచాను. పోలేదు.

గట్టి మన్ను.

జూన్ 24

చేతులు కడుక్కునే ఆకు గదిలోకి వెళ్తున్నాను. దాదాపు ఎప్పుడూ.

జూలై 4

గూళ్ళు కట్టాయి! బతికినవి కట్టాయి. తక్కువే, పల్చనివే. అయినా పసుపు పసుపే. కిటికీ దగ్గర పెడితే ఎంత బావున్నాయో. చూశావా, అన్నాను పైకి. ఎవరితో అన్నానో?

మామయ్యగారికి ఒక గూడు పట్టుకెళ్ళలేదు. ప్రతి పంటకీ పట్టుకెళ్తాను. ఈసారి తట్టలు కదిలించకూడదని చెప్పాను. "అవునవును," అన్నారు పాపం.

జూలై 10

ఇవాళ ఈయన హాల్లో తల్లుల పరీక్ష. మధ్యాహ్నం హాళ్ళ వెనక పెరట్లోంచి పొగ. కిటికీలోంచి చూస్తే ఈయనే కిరసనాయిల్ డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నారు. గుడ్ల కాగితాలు, తట్టలు, వలలు, పంట మొత్తం. ఎవర్నీ అడగలేదు, ఎవరికోసం ఆగలేదు. చూశారు, కాల్చారు.

ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా వంటింటి గడప మీద కూర్చున్నారు. ఒళ్ళంతా పొగ వాసన.

"పెబ్రిన్," అన్నారు. "సగం తల్లులకి. వచ్చేవారం పంపుతామని ఎన్ని ఊళ్ళకి మాటిచ్చానో. ఈ పంట లేకపోతే వాళ్ళు ఏం చేస్తారో తెలీదు. ఎక్కణ్ణుంచి వచ్చిందంటావు?"

తేలు కుట్టిన దొంగలా ఉంది నా పని. గ్లాసు కడుగుతూ, "ఆకులోంచి వచ్చుంటుంది," అన్నాను.

ఆయన నా వీపు వైపు చాలాసేపు చూశారు. నాకు తెలుస్తూనే ఉంది.

మామయ్యగారు లోపలినుంచి, "ఏమిటా పొగ వాసన?" అన్నారు. చెత్త మావయ్యా, అన్నాను.

జూలై 12

డైరెక్టరు విచారణ పెట్టి గంటలో తేల్చేశాడు. ఆకు. ఆకు కోసి తెచ్చేది ఆకమ్మ. ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, ఆవిడ అత్తగారినీ అలాగే పిలిచేవాళ్ళు. ఇంకెక్కడో తోటల్లో తిరిగి రోగం తెచ్చిందని రేపట్నుంచి రావద్దన్నారు.

గేటు దగ్గర నన్ను ఆపింది.

"అమ్మా, మీరైనా చెప్పండి. నేను మీ తోట ఆకు తప్ప వేరే ఆకు ముట్టుకుంటానా? బుట్ట రోజూ ఎండలో పెడతానా లేదా? మీరు చూస్తూనే ఉంటారుగా!"

"నేను మాట్లాడతాను," అన్నాను.

"ఎప్పుడు మాట్లాడతారు?"

బస్సు వచ్చింది. ఎక్కేశాను. అది మా దారి బస్సు కాదు.

జూలై 13

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. పిల్లికి కనీసం పాలు దక్కుతాయి.

జూలై 14

ఇవాళ హాలు తలుపు గడియ వేసుకుని నా గూళ్ళలో ఒకటి కోసి, లోపలి ప్యూపాని నూరి చూశాను. బొట్టు నిండా కోడిగుడ్లు. ఇంకో గూడు. ఇంకోటి. రెండో బొట్టు తీయాల్సిన అవసరమే రాలేదు.

మే నెలలో రెండో బొట్టు ఎందుకు తీశానో ఇప్పుడు తెలుస్తోంది. మొదటిది నమ్మాను కాబట్టే తీశాను. రెండోది కూడా మెరిసుంటే మూడోది తీసేదాన్ని. మెరుపు లేని బొట్టు దొరికేదాకా ఆ తల్లిని నూరుతూనే ఉండేదాన్ని.

ఏడుపొచ్చింది. పెద్దగా ఏడ్చాను. ముసలమ్మని నేనే చంపాను. ఆ రోజు ఒక్క తల్లి గుడ్లు కాల్చి, మిగిలినవాటిని ఒక్కొక్కటిగా వేరు చేసి పెంచుంటే కొన్నయినా దక్కేవేమో. హాలు మూసేసినా నెత్తిన పెట్టుకుని ఎక్కడికైనా తీసుకుపోయేదాన్ని. దాన్ని కాపాడదామని దాన్నీ చంపాను, ఈయన పంటనీ చంపాను, ఆకమ్మ నోటి దగ్గర కూడూ తీశాను.

ఈయన గదికి వెళ్ళి నిలబడ్డాను.

"ఆకు కాదు," అన్నాను. "నా హాలే. మేలోనే చూశాను."

ఆయన తలెత్తలేదు. "తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు గ్లాసు కడుగుతూ ఆకు అన్నప్పుడు. మేడ మీది గదిలో నా మూలజాతి తెల్లవి తినేదీ ఆ తోట ఆకే. ఆకమ్మ అక్కడికి విడిగా చేరవేస్తుంది, నువ్వు ఆ గదిలోకి వెళ్ళవు. అవి శుభ్రంగా ఉన్నాయి. నీకు ఆ మాత్రం తట్టదా? తట్టింది. నాతో అబద్ధం ఆడావు. అది మాత్రం నాకు..." అని ఆపేశారు.

తిట్టుంటే బావుండేది. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆయన వాక్యం మధ్యలో ఆపలేదు.

ఇద్దరం కలిసే డైరెక్టరు దగ్గరికి వెళ్ళాం. నేను చెప్పాను. రేపు కాల్చేయమన్నాడు. నా మీద చర్య సంగతి తర్వాత చూస్తానన్నాడు. ఆకమ్మని పిలిపించమని గట్టిగా అడిగాను. పిలిపిస్తానన్నాడు.

బయటికొచ్చాక వరండాలో ఈయన అన్నారు: "మగవాటిని ఉంచు."

"ఏంటి?"

"మగ పురుగు రోగంతో ఉన్నా పిల్లలకి అందించదు. తల్లి ద్వారానే దిగుతుంది. నీకు తెలిసిందే. బతికిన గూళ్ళలో మగవి ఏరు. గేటు పక్క గుర్రాలశాల ఖాళీగా ఉంది, అక్కడ పెడదాం. ఆడవి నేనిస్తాను, మేడమీదివి."

"కలపడమా? మావయ్య..."

"కలపకపోతే ఏముంది నీ దగ్గర?"

మగవాటిని ఉంచుకోవడానికి ఆయనే వెనక్కి వెళ్ళి డైరెక్టరు దగ్గర సంతకం తెచ్చారు.

జూలై 15

కాల్చాను. నా చేత్తోనే. పసుపు గూళ్ళు మంటలో ముందు నల్లబడతాయి, తర్వాత ముడుచుకుంటాయి. వెంట్రుకలు కాలిన వాసన. మగ ప్యూపాలు కాసిని, ఒక గిన్నెలో పట్టేటన్ని, ముందే గుర్రాలశాలకి చేర్చాం. మిగతాదంతా నిప్పుకే.

ఆకమ్మ గేటు దగ్గర నిలబడి చూసింది. నేను వెళ్ళి, తప్పు నాది, క్షమించు అన్నాను.

"నా ఆకుని అన్నప్పుడు మీ నోరేమైందమ్మా?" అంది. "మా ఆయన కూడా నన్నే అనుమానించాడు, తెలుసా?"

సాయంత్రం గుర్రాలశాల గుమ్మం ముందు ఆకు బుట్ట పెట్టి వెళ్ళింది. అక్కడ ఉన్నవి ప్యూపాలు, అవి ఆకు తినవు. ఆవిడకి తెలుసు.

"మళ్ళీ చెత్తేనా?" అన్నారు మామయ్యగారు. అవును మావయ్యా.

జూలై 20

మగవి రెక్కలు విప్పాయి. చాలావాటికి రెక్కలు వంకర. అయినా తెల్ల ఆడవాటి చుట్టూ దడదడలాడుతూ తిరిగాయి. గుడ్లు పెట్టాయి.

జూలై 22

తల్లుల్ని నూరాం. నేను చూసి లేచాక ఈయన కూర్చుని చూశారు. ప్రతి బొట్టూ అలాగే. నన్ను నమ్మక అని నేననుకోవాలా? అన్నీ శుభ్రం.

ఆగస్టు 6

"ఎన్నో జ్వరం?"

ఏ పంట గురించి అడుగుతున్నారో ఆయనకి తెలీదు. రెండోది, అన్నాను. ఇది నిజమే. నిజం చెప్పినా అబద్ధంలాగే వినిపించింది నాకు.

ఆగస్టు 24

గూళ్ళు కట్టాయి. అన్నీ పసుపే. మొదటి తరంలో పసుపు తెలుపుని మింగేస్తుంది. ఆ పాఠం గుర్రాలశాల గోడకి గూళ్ళ దండలు వేలాడదీసి మామయ్యగారే మాకు చెప్పారు. అచ్చం ముసలమ్మలాగే ఉన్నాయి. పక్కపక్కన పెడితే నేను కూడా చెప్పలేను. పక్కన పెట్టడానికి ఇప్పుడు ముసలమ్మ లేదు.

అంటే మామయ్యగారికి చెప్పకపోయినా గడిచిపోతుంది. ఎనభై దాటిన మనిషి, మంచం దిగక ఏడాదైంది, చూపు మసక. ఆయనకి ఒక గూడు చేతిలో పెడితే చాలు. ఎవరికి నష్టం? ఈయన్ని అడిగితే, "నీ ఇష్టం," అన్నారు. ఈమధ్య అన్నిటికీ అదే మాట.

ఆగస్టు 25

ఉదయం కాఫీ తాగాక గూడు పట్టుకెళ్ళి మామయ్యగారి అరచేతిలో పెట్టాను. ముఖం వెలిగింది. వాసన చూశారు. చెవి దగ్గర ఆడించి లోపలి ప్యూపా చప్పుడు విన్నారు. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, "మా ముసలమ్మ! రా రా," అన్నారు.

తర్వాత అరచేతిలో పైకీ కిందకీ ఊపారు. ఇంకోసారి. చెయ్యి మార్చి ఇంకోసారి.

"అమ్మాయ్, ముసలమ్మ ఇంత బరువుండదే."

ఈసారి ఆకు బావుంది మావయ్యా. ఆ మాట నా నాలిక చివరిదాకా వచ్చి కూర్చుంది. ఆకు! మళ్ళీ ఆకు! గేటు దగ్గర బుట్ట పట్టుకుని నిలబడ్డ ఆకమ్మ కళ్ళ ముందు కనిపించింది.

"దీని తల్లి ఎవరు?" అన్నారు. గొంతు మాస్టారు గొంతైపోయింది.

"తెల్లది మావయ్యా. మీ అబ్బాయి గదిలోది."

"తండ్రి?"

"ముసలమ్మ కొడుకు."

"ముసలమ్మ ఏది?"

"లేదు. పెబ్రిన్. మే నెలలో తల్లి బొట్టులో చూసి కూడా కాల్చలేదు. అనుమానం రాలేదని నాకు నేనే చెప్పుకున్నాను. జూలైలో కాల్చాను. మీకు చెత్త అని చెప్పింది అదే." ఒక్క ఊపున చెప్పేశాను. ఆపితే మళ్ళీ చెప్పలేనని.

మామయ్యగారు గూటిని పిడికిట్లో మూసుకున్నారు. కళ్ళు తెరిచే ఉన్నాయి, నీళ్ళు చెంపల మీదుగా చెవుల్లోకి దిగుతున్నాయి. తుడవబోతే చెయ్యి అడ్డం పెట్టారు. నా వైపు చూడలేదు. ఆ ముసలామె గుడ్లు పెట్టి ఇచ్చిన గుడ్డముక్క ఇప్పటికీ ఆయన తలగడ కింద చిన్న పెట్టెలో ఉంటుంది. నేను మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయాను.

"వాణ్ణి పిలు," అన్నారు చివరికి.

ఈయన పెరట్లో చేతులు కడుక్కుంటున్నారు.

"నాన్నగారు పిలుస్తున్నారు."

"చెప్పావా?"

"చెప్పాను."

"కలిపానని తిడతారా?"

"తెలీదండీ."

తువ్వాలు భుజం మీద వేసుకుని లోపలికి వెళ్ళారు, పిలుపు అందుకున్న విద్యార్థిలా. నేను గుమ్మం ఇవతలే ఆగిపోయాను. లోపల మంచం కిర్రుమంది. మామయ్యగారు లేచి కూర్చోవడానికి ప్రయత్నిస్తున్నారు.

"ఇదిగో, పట్టుకో," అన్నారు కొడుకుతో. "దీనికేం పేరు పెట్టావురా?"